మా ఆయన అడిగిన రెండో నంబరు

మా ఆయన బస్టాపులో నిలబడితే, వెనక వచ్చినవాళ్ళందరూ ఎక్కాకే ఎక్కుతారు. పెళ్ళి భోజనాల్లో మూడో బంతి లేచేదాకా గోడకి ఆనుకుని నిలబడి, చివరికి సాంబారు అయిపోయిందంటే "పర్లేదండీ, పెరుగుంది కదా" అంటారు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్న, నేను ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతుంటే, మా డునెడిన్ ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడతానన్నారు. 2016లో మాట.

"ఎవరి మీద?" అన్నాను, ఒక కాలికి షూ వేసుకుని.

"ఎవరి మీదా కాదు. ఉత్తినే నిలబడతాను."

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. కానీ ఆయన మొహం చూశాక రెండో షూ మాత్రం నవ్వకుండానే వేసుకున్నాను.

మా ఆయన గోదావరి జిల్లాలో ఒక మునిసిపాలిటీలో పదిహేనేళ్ళు అసిస్టెంట్ ఇంజనీరుగా చేశారు. కౌన్సిల్ మీటింగులో కౌన్సిలర్లు కుర్చీల్లో కూర్చుని డ్రైన్ల గురించి గంటలకొద్దీ మాట్లాడుతుంటే, డ్రైన్ల గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఫైలు పట్టుకుని వెనక నిలబడి తలూపేవారు. పదేళ్ళ కిందట నా నర్సు ఉద్యోగం మీద న్యూజిలాండ్ వచ్చాక ఆ ఇంజనీరింగు కాస్తా అటకెక్కింది. ఇక్కడ ఒక కలప డిపోలో స్టోర్ చూసుకుంటారు. మా వీధి పల్లంలో ఉంది. వాన పడితే ఆకులు వచ్చి డ్రైన్ జాలీల మీద పేరుకుని నీళ్ళు నిలుస్తాయి. రెయిన్ కోటు వేసుకుని, పళ్ళకర్ర పట్టుకుని ఆ ఆకులు లాగేది ఈయనే. ఆ జాలీలు ఎక్కడ ఉండాలో, వాలు ఎటు ఇవ్వాలో ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. జీవితంలో ఒక్కసారి ఫైలు పట్టుకోకుండా, ఆ కుర్చీలో కూర్చుని, ఆ మాట తన నోటితో చెప్పాలని ఆయన కోరిక. ఇంతే. ఈ కోరిక ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్ళ నుంచీ చెప్పకుండా ఉన్నారన్నది మాత్రం ఆ పొద్దున్న అర్థమైంది.

ఈ ఊళ్ళో ఓటు వేయడం మనకి అలవాటైన పద్ధతి కాదు. ఓటు కాగితం పోస్టులో ఇంటికే వస్తుంది. దాని మీద పేర్లు పెళ్ళి సామాన్ల జాబితా అంత పొడుగు. మనకి బాగా నచ్చిన వాళ్ళకి ఒకటి, తర్వాత వాళ్ళకి రెండు, ఆ తర్వాత మూడు, ఇలా ఓపికున్నంతవరకూ అంకెలు వేసుకుంటూ పోవాలి. నాకు ఇది ఎంత చదివినా బుర్రకెక్కలేదు. ఎక్కించింది ఆసుపత్రిలో మా వార్డులో నాతో పనిచేసే ఐర్లాండ్ ఆవిడ. వాళ్ళ దేశంలో ఎన్నికలన్నీ ఈ పద్ధతిలోనేనట. ఆవిడ మేనమామ అక్కడ ఒక చిన్న ఊళ్ళో కౌన్సిలరు. చిన్నప్పుడు సెలవులొస్తే పిల్లలు సముద్రానికి పోతారు గానీ, ఈవిడ ఓట్ల లెక్కింపు చూడ్డానికి పోయేదట. ఆటల హాల్లో బల్లలేసి, కాగితాలు కట్టలు కట్టి, రెండు రోజులు లెక్కపెడతారు. కంచెకి అవతల జనం పెన్సిళ్ళతో సొంత లెక్కలు కట్టుకుంటుంటారు. అమ్మలు శాండ్‌విచ్‌లు తెస్తారు. మేనమామ తొమ్మిదో రౌండులో, అందరి రెండులూ మూడులూ కూడబెట్టుకుని గెలిచాడట. ఆ సంగతి ఆవిడ మనవాళ్ళు క్రికెట్ ఫైనల్ చెప్పినట్టు చెబుతుంది.

ఆవిడని ఒక ఆదివారం దోసెలకి పిలిచాను. మా ఆయన నోట్‌బుక్కు తెరిచి ఎదురుగా కూర్చున్నారు.

"ప్రతి రౌండులోనూ అందరికన్నా తక్కువ ఓట్లున్నవాడు పోటీలోంచి పోతాడు. నువ్వు ఒకటి వేసినవాడు అలా పోతేనో, అవసరానికి మించి గెలిచేస్తేనో నీ కాగితం రెండు వేసినవాడి దగ్గరికి పోతుంది," అంది ఆవిడ. "అప్పటికి ఆ రెండోవాడు ఇంకా పోటీలో నిలబడి ఉండాలి. అందుకని పక్క అభ్యర్థి మనిషి ఇంటికెళ్తే, వాడి ఒకటి వాడికే వదిలేసి, మర్యాదగా రెండు అడుగు. నీ సొంత మనిషి ఇంటికెళ్తే ఒకటి అడుగు. ఇస్తానన్నదాకా గుమ్మం దిగకు. మా మామ అయితే అక్కడే టీ తాగేసేవాడు."

మా ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. ఆవిడ వెళ్ళాక నోట్‌బుక్కు చూశాను. "మర్యాదగా రెండు అడుగు" అన్నంతవరకే రాసుకున్నారు. తర్వాత మాట ఆయనకి వినపడలేదని అనలేను. నచ్చలేదు, అంతే.

ఇక ప్రచారం. శని ఆదివారాలు ఊళ్ళో ఉన్న తెలుగు ఇళ్ళన్నీ తిరిగాం. యూనివర్సిటీ వాళ్ళు, ఆసుపత్రి వాళ్ళు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ప్రతి ఇంట్లోనూ కాఫీ తాగి, పిల్లల చదువులు అడిగి, తీరా లేచి చెప్పులేసుకునేటప్పుడు మా ఆయన అసలు మాట ఎత్తేవారు. "మీకు ఈపాటికే ఎవరో ఒకరు మనసులో ఉంటారు. వాళ్ళకి ఒకటి వేసేయండి, నాకేం ఇబ్బంది లేదు. వీలైతే నాకు రెండు. వీలైతేనే."

వాళ్ళ మనసులో ఎవరూ లేరు. ఆ కాగితం మీద వాళ్ళకి తెలిసిన పేరు ఈయనది ఒక్కటే. ఈయన అడిగాక పాపం, ఒకటి ఎవరికి వేయాలో తెలియక ఫొటోలు చూసి వెతుక్కున్నారు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు," అన్నాను కారులో.

"అడిగాను కదా."

"రెండు అడిగారు!"

"మొదటిసారి కలిసి ఒకటి అడిగితే ఏం బాగుంటుంది?" అన్నారు.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. ఆ మాట పైకే అన్నాను. ఆయన సిగ్నల్ దగ్గర ఆగి, ఎదురుగా వచ్చే మూడు కార్లకి దారిచ్చారు.

ఇంట్లో కూడా అదే వరస. ఓటు కాగితాలు వచ్చిన రోజు నాతో కూడా, "నీ ఒకటి నీ ఇష్టం. నాకు రెండు చాలు," అన్నారు. తమాషాకి అన్నారో నిజంగా అన్నారో నేను అడగలేదు. అంతకు ముందు చలికాలం ఆసుపత్రి దగ్గర ఏటవాలు పేవ్‌మెంట్ మీద మంచులో జారిపడి నా మణికట్టు విరిగింది. అలాంటి చోట్ల ఇసుక చల్లిస్తానని ఒకావిడ కరపత్రంలో రాసింది. ఆవిడకి ఒకటి వేశాను. మా ఆయనకి రెండు వేశాను. అడిగిందే ఇచ్చాను కదా అని మనసుకి చెప్పుకుని, కవరు నాకి అంటించి పోస్టు డబ్బాలో పడేశాను. దారి పొడుగునా నాకు నవ్వొచ్చింది కూడా.

లెక్కింపు శనివారం. ఐర్లాండ్ ఆవిడ రెండు రోజులకి సరిపడా శాండ్‌విచ్‌లు, చెక్కిన పెన్సిళ్ళు, గీతలు గీసిన పెద్ద కాగితం పట్టుకుని మా ఇంటికి దిగింది. ఇక్కడ లెక్క కంప్యూటర్ చేస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ రెండో శాండ్‌విచ్ తింటుండగానే గెలిచినవాళ్ళ పేర్లు వచ్చేశాయి.

"ఇదేం ఎన్నిక? ఓడినవాడికి ఏడవడానికి కూడా టైమివ్వలేదు!" అని ఆవిడ నిజంగానే కోప్పడింది.

గెలిచినవాళ్ళలో మా ఆయన పేరు లేదు. ఇసుక ఆవిడ పేరుంది. మా ఆయన, "మనం అనుకున్నదే కదా," అని అందరికీ టీ పెట్టారు. ఆ సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు. ఊరి చివర డెయిరీ, అంటే ఇక్కడి చిల్లర కొట్టు, నడిపే వరంగల్ ఆయనైతే కొట్టు మూసి మరీ వచ్చాడు.

"అన్నా, బాధ పడకే. మా ఇంట్ల నాలుగు ఓట్లు, నాలుగూ నీకే రెండు ఏసినం. మా అత్తమ్మ ఒకటి ఏస్తనని కూసుంటే నేనే కోప్పడ్డ. అన్న రెండడిగిండు, మాట తప్పొద్దని."

"థాంక్యూ తమ్ముడూ," అన్నారు మా ఆయన, మనస్ఫూర్తిగా.

ఫోన్లు చేసిన వాళ్ళందరిదీ అదే మాట. మీరడిగినట్టే రెండు వేశామండీ. ఒక్కొక్కరికీ ఆయన థాంక్స్ చెబుతుంటే, ఐర్లాండ్ ఆవిడకి నేను ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది.

"ఈ ఊళ్ళో ఇంతమందికి రెండో ఇష్టమైన మనిషి ఇంకొకడు ఉండడు," అంది.

ఏ రౌండులో ఎవరు పోయారో చూపించే పూర్తి పట్టిక తర్వాతి వారం వచ్చింది. మా ఆయన డిపోలో ప్రింటు తీసుకొచ్చి వంటింటి బల్ల మీద పరిచారు. వెతకాల్సిన పని లేకపోయింది. అందరికన్నా ముందు, మొట్టమొదటి రౌండులో పోయింది ఆయనే. అంతమంది రెండులు వేసిన కాగితాలు ఆయన దాకా వచ్చేసరికి ఆయన అక్కడ లేరు. ఆయనకి సరిగ్గా పైన, ఒకే ఒక్క ఓటు ఎక్కువతో, ఒక ముసలాయన ఉన్నాడు. ఊరి కొండ మీదికి పాతకాలం కేబుల్ ట్రాములు మళ్ళీ తేవాలన్నది ఆయన వాగ్దానం.

పట్టిక పక్కన నాలుగు పేజీలు ఉన్నాయి. మా వీధి జాలీల గురించి, వాలు గురించి, స్కేలు పెట్టి గీసిన బొమ్మలతో. మొదటి మీటింగులో చదవడానికి ఎప్పుడు రాసుకున్నారో నాకు తెలియదు. మొదటి వాక్యం, "అధ్యక్షా, నేను వృత్తిరీత్యా ఇంజనీరుని" అని ఇంగ్లీషులో ఉంది. పదేళ్ళుగా ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

"ఒక్క ఓటు," అన్నారు ఆయన, పట్టిక మీద వేలు పెట్టి.

వారం రోజులుగా ఆయన మీద వేసిన జోకులన్నీ నా నోట్లోనే చేదెక్కాయి. ఇంక దాచలేకపోయాను.

"ఏవండీ, నేనూ మీకు రెండే వేశాను."

ఆయన తలెత్తి చూశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత అంటారనుకున్నాను. అనలేదు.

"ఒకటి ఎవరికి?"

"ఇసుక ఆవిడకి."

"మంచి పని చేశావు. నీ చెయ్యి ఇంకా చలికి లాగుతూనే ఉంది కదా," అన్నారు. తర్వాత పట్టికని కాస్త తన వైపుకి జరుపుకున్నారు. "అయినా నీ ఓటు వచ్చినా సమానం అయ్యేవాళ్ళమంతే. తప్పు నీది కాదు."

"మరెవరిది?"

ఆయన ముసలాయన పేరు మీద వేలితో తట్టారు. "అభ్యర్థుల మీటింగులో నా పక్కన కూర్చున్నారు. భార్య పోయిందట, పిల్లలు లేరట. ఒక్క ఓటైనా వస్తుందో రాదో అన్నారు. పాపం అనిపించింది. నా ఒకటి ఆయనకి వేశాను."

"మీ ఓటు? మీ సొంత ఓటు?"

"నాకు రెండు వేసుకున్నాను కదా," అన్నారు. "మన పేరు పక్కన మనమే ఒకటి వేసుకుంటే ఏం బాగుంటుంది?"

ఆ ఒక్క అంకె తన పేరు పక్కన వేసుకుని ఉంటే, పోయేది ముసలాయన, నిలిచేది ఈయన. అది నాకన్నా ముందే ఆయనకి తెలుసు. డిపోలో ప్రింటు తీసిన నిమిషంలోనే తెలిసి ఉంటుంది. నాకు విపరీతమైన కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. మా పెళ్ళై అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఏ దేశం వెళ్ళాలన్నా, ఎవరి ఉద్యోగం నిలవాలన్నా ఆయన రెండు అడగడం, నేను నవ్వుకుంటూ రెండే ఇవ్వడం. ఏ ఒక్కసారైనా అడగకుండా ఒకటి ఇచ్చానా అని ఆ బల్ల దగ్గర కూర్చుని వెతుక్కున్నాను. దొరకలేదు.

నాలుగు పేజీలూ తీసి ఆయన చేతిలో పెట్టాను. "చదవండి. నేను వింటాను."

"ఇప్పుడా? నీకు డ్యూటీ టైమైంది."

"ఫోన్ చేసి గంట లేటని చెప్పాను." అప్పటికి ఇంకా చేయలేదు. ఆయన చూస్తుండగానే చేశాను.

ఆయన అలవాటు కొద్దీ కాగితాలు పట్టుకుని లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను. కూర్చున్నారు. మొదటి వాక్యం దగ్గర గొంతు సవరించుకున్నారు, రెండో పేజీకి వచ్చేసరికి వేళ్ళతో గాలిలో వాలు గీస్తున్నారు. నాకు అందులో సగం అర్థం కాలేదు. మూడో పేజీలో ఆగి, కళ్ళజోడు మీంచి నన్ను చూశారు.

"నీకు విసుగ్గా ఉంటే చెప్పు, ఆపేస్తాను."

"ఆపితే చంపుతాను," అన్నాను.