ఒకటో తేదీకి మూసిన నెల

డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీ మానేశాక కర్నూల్లో ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఆ ఆఫీసు గురించి మంచి మాట చెప్పడం నాకు చేతకాదు. ప్రతి నెలా మొదటి వారం అక్కడ మనుషులు ఊరబెట్టినట్టు ఉండేవాళ్ళు. పోయిన నెల లెక్క మూసేదాకా ఎవరూ సరిగ్గా ఇంటికి పోయేది లేదు. టేబుళ్ళ కింద బొరుగుల ఉగ్గాని పొట్లాలు, గోడ మూలల్లో గుట్కా ఉమ్ములు, చెమట. ఆ కంపులోకి అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర పోయేవాడు దావీదురాజు, మా అకౌంటెంటు.

ఆయనది కోడుమూరు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి క్రైస్తవులు, చర్చి పక్కనే ఇల్లు. కూలికి పోయిన తండ్రి కొడుకును బీకాం చదివించాడు. నలభై అయిదు దాటినా మేనేజరు పిలిస్తే చెప్పుల్లో కాలు పూర్తిగా దూర్చకుండానే పరిగెత్తేవాడు. "సరే సార్" అనడం ఆయనకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నెల మూయడానికి వారం ఎందుకు పడుతుందో వింటే అసహ్యం వేస్తుంది. నంద్యాల, బనగానపల్లె, రాయచోటి డిపోల వాళ్ళు నెలంతా బిల్లులు డబ్బాలో పడేసి, ఆఖరున మూట కట్టి ఆర్టీసీ బస్సులో పంపేవాళ్ళు. అన్నీ మేము ఒక్కసారిగా ఎక్కించాలి. కరెంటు బిల్లు రాలేదని ఒక రోజు, లారీ బాడుగ తేలలేదని ఇంకో రోజు, బ్యాంకు స్టేట్‌మెంటు రాలేదని మరో రోజు కూర్చునేవాళ్ళం. 2006లో ఓనరు హైదరాబాదు నుంచి పెద్ద సాఫ్ట్‌వేర్ కొన్నాడు. మేనేజరు శివప్రసాద్, ఓనరు అల్లుడే, మానిటర్‌కు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు. ఆ నెల మూయడానికి తొమ్మిది రోజులు పట్టింది. బిల్లులు మాత్రం మూటల్లోనే వస్తే ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

ఆ ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం దావీదురాజు నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఈరన్నా, జూన్ లెక్క ఒగటో తేదీకే మూసెయ్యొచ్చునా?"

"ఏమన్నా తాగినావా అన్నా? జూన్ అంటే విత్తనాల కాలం. ఏడో తేదీకి ముగిస్తే అదే గొప్ప."

"జులై రెండో తేదీ ఆదివారమప్పా. మా ప్రేమజ్యోతిని సంఘంలోకి తీసుకునే కన్ఫర్మేషన్. బిషప్పుగారు వస్తాండారు. ఆ పొద్దే బిడ్డ మొదటిసారి సంస్కారం తీసుకుంటాది. అమ్మానాయన పక్కన మోకరించాల."

వాళ్ళ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభు సంస్కారం నెలకు ఒక్కసారి, మొదటి ఆదివారం. మా లెక్కలు మూసేది కూడా అప్పుడే. ఈ కంపెనీలో చేరినప్పటి నుంచి ఆయన సంస్కారం తీసుకోనేలేదట. భార్య వరమ్మ ఒక్కతే పోయి వచ్చేది.

"ఒక్క రోజు సెలవు అడగొచ్చు గదా?"

"క్లోజింగ్ టైంలో సెలవా? సారు ఏమనుకుంటాడో!"

"అడిగినావా?"

"అడగల్యా."

చూడండి మనిషిని. ఒక్క పూట సెలవు అడగడానికి నోరు రాక, మూడు డిపోల పని తీరు మార్చడానికి సిద్ధపడ్డాడు. ఛీ అనిపించింది. అయినా ఆ పిల్ల కోసం సరే అన్నాను.

చేయవలసింది పెద్ద విద్యేం కాదు. బిల్లులు ఏ రోజువి ఆ రోజే డిపోల వాళ్ళే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. కరెంటు, బాడుగ బిల్లుల కోసం కాచుకోకుండా పోయిన నెలలు చూసి అంచనా వేసి రాయాలి, తేడా వస్తే తర్వాతి నెలలో దిద్దుకోవాలి. గోడౌన్ అద్దె, జీతాలు లాంటివి ప్రతి నెలా కొత్తగా కొట్టకుండా ఒక్కసారి అమర్చి పెడితే వాటంతటవే పడతాయి. బ్యాంకు లెక్క వారం వారం సరిచూసుకోవాలి. నంద్యాల, బనగానపల్లె వాళ్ళు గొణిగి ఒప్పుకున్నారు. రాయచోటి డిపో చూసే నాగసుబ్బయ్య మాత్రం ఫోన్లో నవ్వి పెట్టేశాడు.

ఆయన్ను ఒప్పించడానికి ఇద్దరం బస్సెక్కాం. దావీదురాజు ఒళ్ళో బుట్టెడు బనగానపల్లె మామిడిపండ్లు.

నాగసుబ్బయ్య ఒట్టి బనియన్‌తో కూర్చుని పండు పిసుకుతూ అన్నాడు. "రోజూ ఎక్కియ్యాల్నా? మధ్యాన్నం నా కునుకు ఎవురు తీస్తారు దావీదూ, నీ కంప్యూటర్ తీస్తాదా?"

"దిన్నాం పది బిల్లులుంటే ఎక్కువన్నా. అరగంట పని."

"ఈడ ఫోన్ లైనే నిలబడదు. ఇంటర్నెట్టంట, ఇంటర్నెట్టు!"

"పోనీ, సాయంత్రం నేనే ఫోన్ చేస్తా. నువ్వు చదువుతా ఉండు, నేను కొట్టుకుంటా."

"అట్లయితే సరే. పండ్లు మాత్రం బాగుండాయి. ఇంగో బుట్ట పంపిచ్చు."

తిరుగు బస్సులో నేను అడిగేశాను. "ఆయన పని కూడా నువ్వే చేస్తావా? సిగ్గులేదా అన్నా?"

"పని అయితాది గదప్పా" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

జూన్ అంతా ప్రతి సాయంత్రం ఫోన్ మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని రాయచోటి బిల్లులు కొట్టాడు. అవతల నాగసుబ్బయ్య ఆవలిస్తూ చదివేవాడు, మధ్యలో టీ తాగి వస్తానని పోయేవాడు. ఈయన రిసీవర్ పట్టుకుని అలాగే కూర్చునేవాడు. మెడ పట్టేసింది. వరమ్మ వేడి ఉప్పు కాపడం పెట్టిందని చెప్పాడు, అదేదో మెడల్ అయినట్టు.

కానీ పని అయింది. జులై ఒకటి, శనివారం, మధ్యాహ్నం భోజనాలు కాకముందే అన్నీ సరిపోయాయి. డిపోల సరుకు, బ్యాంకు, అమ్మకాలు, ఎక్కడా తేడా లేదు. దావీదురాజు రెండుసార్లు చూసుకుని బటన్ నొక్కాడు. జూన్‌కు తాళం పడింది. ఇక పాత తేదీ మీద ఎవడూ ఏదీ దూర్చలేడు. ఒప్పుకోవాలి, ఆ క్షణం నాక్కూడా బాగుంది.

శివప్రసాద్ మైసూర్‌పాకు పెట్టెతో వచ్చాడు.

"శెభాష్ దావీదూ! మామకు ఫోన్ చేసినా, నమ్మల్యా. ఏమన్నాడో తెలుసునా? ఇంత తొందరగా అయితాంటే నెలకొకతూరి ఎందుకు, వారానికొకతూరి మూయండి అన్నాడు. శనివారంతో వారం అయిపోతాది. ఆదివారం కూర్చుని మూసేస్తే సోమవారం పొద్దున మామ ముందర ఉంటాది. రేపే మొదలుపెడదాం."

మైసూర్‌పాకు దావీదురాజు చేతిలో అలాగే ఉండిపోయింది. నేను ఆయన ముఖంలోకి చూశాను. అను, ఇప్పుడైనా రానని అను.

"సార్... రేపు మా పాపకు చర్చిలో..."

"ఓ, పండగా? ముందే చెప్పొద్దా అప్పా! పోయిరా, ఎవురొద్దన్నారు? వచ్చే ఆదివారం నుంచి చూద్దాం లే."

అంత సులభం. ఒక్క మాట అడిగి ఉంటే మే నెలలోనే దొరికే సెలవు అది. దానికోసం ఈయన మెడ పట్టేయించుకుని, ఆఫీసులో అందరి ఆదివారాలూ తీసుకెళ్ళి ఆ అల్లుడి చేతిలో పెట్టాడు.

"శానా థ్యాంక్స్ సార్" అన్నాడు దావీదురాజు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"నేను ఆదివారాలు రాను సార్" అన్నాను.

"రాకుంటే సోమవారం కూడా రావద్దు" అన్నాడు శివప్రసాద్, ఇంకో ముక్క నోట్లో వేసుకుంటూ.

ఇక ఆ ఆఫీసుకు పోలేదు. మరుసటి రోజు పొద్దున చర్చికి మాత్రం పోయాను, దావీదురాజు పిలిచాడు కాబట్టి. తెల్ల గౌనులో ప్రేమజ్యోతి మోకరించింది. ఒక పక్క వరమ్మ, ఇంకో పక్క దావీదురాజు. ఆయన మెడ వంచలేక కళ్ళు మాత్రం దించుకున్నాడు. కూతురు ఓరగా తండ్రి వైపు చూసి, వచ్చాడని రూఢి చేసుకున్నట్టు మళ్ళీ తల వంచుకుంది. అది మంచి దృశ్యమే, కాదనను.

ఏడాది తర్వాత రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఎదురుపడ్డాడు. నేను అప్పటికి సెల్‌ఫోన్ల అంగడిలో ఉన్నాను. మనిషి చిక్కాడు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఇప్పుడు ఏ రోజుకారోజు మూస్తాండాం ఈరన్నా! హైదరాబాదు నుంచి ఇంగో కంపెనీవాళ్ళొచ్చి సూసిపోయినారు, ఎట్ల చేస్తాండారని."

"మరి సంస్కారం? పాప పక్కన?"

"ఆ పొద్దు పోయినా గదప్పా" అన్నాడు, ఇంకా ఏం కావాలన్నట్టు.

అది ఆదివారం. ఆఫీసు వైపు పోయే సిటీబస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు.