స్లైడు జ్యోతిష్కుడు

ల్యాబులో అతన్ని అందరూ జ్యోతిష్కుడనే పిలిచేవారు. పిల్లల ముక్కు వెనకాల కండలా పెరిగిన అడినాయిడ్లను డాక్టర్లు తీసి పంపిస్తే, వాటిని పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూడటం అతని పని. డబ్బా మీద వయసు చూడకుండానే "ఇది మూడేళ్ల పిల్లది, ఇది తొమ్మిదేళ్లది" అని చెప్పేసేవాడు. మరీ చిన్నపిల్లల ముక్కలో లోకం చూడని కొత్త కణాలు కిక్కిరిసి ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ, ఏదో ఒక క్రిమితో తలపడి దాన్ని గుర్తుపెట్టుకున్న పాతకాపులు ఎక్కువవుతాయి. పదింటిలో ఏడుసార్లు అతని జోస్యం ఫలించేది. మిగతా మూడింటి సంగతి ఇంట్లో చెప్పేవాడు కాదు.

ఇంట్లో వేరే పాట పాడేవాడు. ఆరేళ్ల కూతురు ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉండేది. "నోరు మూసుకోవే, ఈగలు దూరతాయి!" అని రోజుకు పదిసార్లు గదమాయించేవాడు. పిలిస్తే పలికేది కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు అని నిట్టూర్చి, ఇంకాస్త గట్టిగా ఊదేవాడు. ఆ సామెత తన ఇంట్లో అక్షరాలా నిజమని ఆ మహాజ్ఞానికి తట్టలేదు.

పిల్ల చెప్పింది వినడం లేదు, మళ్లీ ఇదే తరగతిలో ఉంచేస్తామని టీచరు కబురు పెట్టింది. భార్యే వెళ్లి చెవి పరీక్ష చేయించుకొచ్చింది.

"ముక్కు వెనక అడినాయిడ్లు పెరిగి, ఊపిరాడక నోరు తెరుస్తోందట. చెవుల్లో నీరు కూడా చేరిందట. సగమే వినిపిస్తోందట. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు."

"వయసొస్తే అవే కుంచించుకుపోతాయి. నాకు తెలీదూ? రోజూ చూసేవాణ్ణి!"

"మీరు చూసేది కోసేసిన వాటినేగా. కొయ్యాల్సింది ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చుంటే రెండేళ్లు తిట్టారు."

వినపడని పిల్లను వినడం లేదని తిట్టిన తండ్రి ఇంకెవరైనా ఉన్నాడా అని ఆలోచించాడు. తోడు దొరకలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

అడినాయిడ్లతో పాటు చెవుల్లో నీరూ తీశారు. డబ్బా అతని బల్ల మీదికే వచ్చింది.

"వయసెంతో సెలవియ్యండి జ్యోతిష్కులవారూ," అంది పక్క బల్ల ఆవిడ.

"ఆరేళ్ల నాలుగు నెలల పన్నెండు రోజులు."

"అబ్బో, రోజులతో సహానా!" అని ఆవిడ నవ్వింది. అతను నవ్వలేదు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున, బడికి వేళవుతోందని అలవాటు కొద్దీ వంటింట్లోంచి గట్టిగా కేకేశాడు. పక్కగదిలో బూట్లేసుకుంటున్న కూతురు చెవులు మూసుకుంది.

"అబ్బ, ఎందుకు నాన్నా అలా అరుస్తావ్? వినిపిస్తోందిగా!"

అతని నోరు తెరుచుకునే ఉండిపోయింది. పిల్ల దగ్గరికొచ్చి అతని గడ్డం కింద చెయ్యి పెట్టి పైకి నెట్టింది.

"నోరు మూసుకో నాన్నా, ఈగలు దూరతాయి."

అన్నీ సగం సగమే వినపడిన ఆ రెండేళ్లలో, ఆ మాట మాత్రం పిల్లకు పూర్తిగా వినపడింది.