గట్టిగారి చెవి మిషను

మావయ్యగారికి ఎవరేం చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి మాట ఒక్కటే: "గట్టిగా!"

పాలవాడైనా, పక్కింటావిడైనా, దారి తప్పి తలుపు తట్టినవాడైనా అందరికీ అదే మర్యాద. వీధివాళ్ళు ఆయనకి 'గట్టిగారు' అని పేరు పెట్టేశారు. గ్యాసు సిలిండరు వాడు ఆయనతో మాట్లాడుతుంటే, వెనకవీధి వాళ్ళు కూడా తమ బండ ఎప్పుడొస్తుందో తెలుసుకుని లోపలికెళ్ళేవారు. కొడుకూ కోడలూ గదిలో పోట్లాడుకుంటే వాకిట్లోంచి "గట్టిగా!" అని కేక వినిపించేది. అక్కడితో పోట్లాటకి ప్రాణం పోయేది.

అందరికన్నా నలిగిపోయింది కోడలు. ఆమె బస్టాండులో అనౌన్సరు. పగలంతా మైకులో మెత్తగా మాట్లాడి, ఇంటికొచ్చి మైకు లేకుండా అరిచేది. పోయిన వారం ఆమె బస్సు పేరు చదివితే, ఏదో బస్సు రివర్సు అవుతోందనుకుని జనం పక్కకి తప్పుకున్నారు. "గొంతు బాగుపడకపోతే నిన్ను సామాన్ల గదికి మార్చేస్తాను" అన్నాడు మేనేజరు. "ఇంట్లో అరవడం మానేస్తేనే బాగుపడుతుంది" అన్నాడు డాక్టరు.

"పాపం, ఆయనకో మిషను కొనిపెట్టవే," అంది అత్తగారు. ఆవిడ హెడ్మాస్టరుగా రిటైరైంది. "నావి పాముచెవులు కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఆఖరి బెంచీవాడు గొణిగినా పట్టేసేదాన్ని."

అలా కోడలు మావయ్యగారిని చెవి మిషన్ల షాపుకి తీసుకెళ్ళింది.

"ముందు చెవి పరీక్ష చేద్దాం సార్," అన్నాడు షాపతను.

"గట్టిగా! చెవి ఎక్కడికీ పోదు. ముందు సరుకు చూపించు," అన్నారు మావయ్యగారు. నలభై ఏళ్ళు దర్జీపని చేసిన మనిషి. గుడ్డ చూడకుండా కొలత తీయరు.

షాపతను నాలుగు రకాలు పరిచాడు. ఒకటి చెవి వెనక తగిలించుకునేది. ఒకటి చెవి దొప్పలో కూర్చునేది. ఒకటి చెవి రంధ్రంలోకి దూరిపోయేది, శనగగింజంత. నాలుగోది జేబులో డబ్బా, చెవికి తీగా ఉన్న పాతకాలపుది.

మావయ్యగారు వెనక తగిలించుకునేది చేతిలోకి తీసుకున్నారు. "కళ్ళజోడు కాడకి అడ్డొస్తుందా?"

ఆయనకి కళ్ళజోడు లేదు.

"కొప్పు కాస్త కిందికి వేసుకుంటే కనపడకుండా ఉంటుందా?"

ఆయనకి బట్టతల.

"దొప్పలోది దిద్దులకి తగులుతుందేమో?"

షాపతను కోడలివైపు చూశాడు. కోడలు పైకప్పువైపు చూసింది. ఈయనకి పోయింది చెవులు కాదేమో అని ఆమెకి మొదటిసారి భయమేసింది.

"ఈ శనగగింజ వద్దు," అన్నారు మావయ్యగారు. "వేళ్ళు వణుకుతాయి. బ్యాటరీ మార్చబోతే మంచం కిందికి దొర్లిపోతుంది."

సూదిలో దారం ఇప్పటికీ మొదటిసారికే ఎక్కించే వేళ్ళు అవి!

చివరికి ఆయన్ని బతిమాలి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చప్పుడు వినపడితే మీట నొక్కాలి. కాసేపటికి షాపతను చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"మేడమ్, ఈయన చెవులు నా చెవులకంటే బాగున్నాయి. గది తలుపు దగ్గర నేను మా వాడితో రెండు టీలు చెప్పమని గుసగుసలాడితే, లోపల్నించి 'మూడు' అన్నారు."

కోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "మావయ్యా!"

"మెల్లిగా అమ్మాయ్," అన్నారు ఆయన. ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు. "వినపడంది మీ అత్తయ్యకి. రెండేళ్ళ కిందట ఆవిడ పాత శిష్యుడొకడు వచ్చి, ఉద్యోగం పోయిందని మెల్లిగా చెప్పుకుంటే, 'శభాష్' అని వీపు తట్టింది. తర్వాత సంగతి తెలిసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పాముచెవులావిడకి చెవుడంటే ఒప్పుకుంటుందా? అందుకే ఆ చెవుడేదో నేను పెట్టుకున్నాను. నాకోసం అరిస్తే పక్క కుర్చీలో ఆవిడకీ వినపడుతుంది కదా."

"మరి నా గొంతో?"

"అది అరిగిపోతుందని తట్టలేదమ్మా, బుద్ధి తక్కువై. తెలిశాకే కదా మిషనుకి ఒప్పుకున్నాను."

చెవి వెనక తగిలించుకునేదే, నెరిసిన జుట్టు రంగుది, కొన్ని రోజులు వాడి చూడటానికి తీసుకున్నారు. ఇంటికెళ్ళి ఆయన అమాయకంగా దాన్ని భార్య చేతిలో పెట్టారు. "ఇది సరిగ్గా పనిచేస్తుందో లేదో చెవిటివాడిని, నాకేం తెలుస్తుంది? నీవి పాముచెవులు. పెట్టుకుని చూసి చెప్పు."

ఆవిడ పెట్టుకుంది. వంటింట్లో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడుకి తల తిప్పింది. కొప్పు కాస్త కిందికి జార్చుకుంది.

"పరవాలేదు," అంది హెడ్మాస్టరు గొంతుతో. "అప్పుడే తేల్చి చెప్పలేను. ఇంకొన్నాళ్ళు పరీక్షించాలి. అంతవరకూ ఆయనకి వేరేది కొనండి, పాపం."

ఇప్పుడు కోడలి గొంతు బస్టాండులో గంటలా మోగుతోంది. అత్తగారి పరీక్ష ఇంకా పూర్తికాలేదు. ఆవిడ పక్క కుర్చీలో మావయ్యగారు జేబులో డబ్బా, చెవికి తీగా తగిలించుకుని దర్జాగా కూర్చుంటున్నారు. డబ్బాలో బ్యాటరీ లేదు. దాని చోట వక్కపొడి పోసుకున్నారు.