ఎద్దు మెడ మీది పుండు

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే నాకు పెళ్లయింది. మరుసటి ఎండాకాలం అత్తామామలతో కలిసి ఐరాల నుంచి కాణిపాకం దగ్గరున్న ఆడబిడ్డ సీమంతానికి బయలుదేరాం. మామ కాడి ఎత్తుతుంటే ఎద్దు మెడ మీద పచ్చిపుండు కనిపించింది. బండి దిగేశాను.

"ఎక్కమ్మా, ఎండలో యాడ నడుస్తావు?" అన్నాడు మామ.

"ఆ పుండు సూడండి మామా. అది మానేదాకా ఈ బండెక్కను."

"ఊర్లో అందరి ఎద్దులూ అట్నే ఉండాయి."

"అయితే అందరికీ చెప్తాను."

మామ ముఖం ఎర్రబడింది. అత్త మాత్రం సారె గంప నెత్తికెత్తుకుని నా పక్కన నిలబడింది. మామ కాడి విప్పక తప్పలేదు. మేం నడిచి వెళ్లేసరికి గాజులు తొడగడం అయిపోయింది. ఆడబిడ్డ అలిగింది.

పుండు మానేదాకా వేపనూనె, పసుపు నేనే రాశాను. తర్వాత ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి, పుండున్న ఎద్దును బండికి కట్టొద్దని చెప్పాను. కొందరు నవ్వారు. వాళ్ల ఇళ్లకు మళ్లీ వెళ్లాను.