ఎరుపు ఎండేదాకా

ఆ షెడ్డులో నన్ను "గొర్ల పెయింటర్" అనేవాళ్లు. ఎదురుగా కాదు, నేను అటు తిరిగాక. మాది రామన్నపేట దగ్గర గొర్లు కాసే ఇల్లు. ఉన్ని కత్తిరించాక ప్రతి గొర్రె వీపు మీద మా ఇంటి గుర్తు రంగుతో పెట్టడం చిన్నప్పటి నుంచీ నా పనే. కాబట్టి ఆ పేరులో అబద్ధమేమీ లేదు, అనేవాళ్ల మూతివిరుపే నాకు నచ్చేది కాదు. ఐటీఐలో పెయింటర్ ట్రేడ్ చదివి, కొన్నాళ్లు బస్సుల బాడీలకు రంగులు కొట్టి, రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు కృష్ణ ఒడ్డు వైపున్న ఒక చిన్న పైలట్ల శిక్షణ సంస్థలో పనికి కుదిరాను. వాళ్లకున్నది ఒకే ఒక చిన్న హెలికాప్టర్. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి జాగా ఉండదు.

ఆ ఏడాది దసరాకు దాని లోపలి మీటలూ పిడులూ అన్నిటికీ కొత్తగా రంగు వేయమన్నారు. నిజంగానే అవి అరిగిపోయాయి. నడుమ ఉండే పిడి మీద బొటనవేలు ఆనేచోట నలుపు పోయి తెల్లటి లోహం తేలింది. ఎడమ చేతి పక్కన, పైకెత్తితే మిషన్ లేచే కడ్డీ ఒకటుంటుంది. దాని పిడి చెమటకు జిడ్డుపట్టి పెచ్చులు లేచింది. కాళ్ల దగ్గర రెండు పెడళ్లలో ఎడమది ఎక్కువ అరిగింది, గాల్లోకి లేచేటప్పుడు బలమంతా దాని మీదే పడుతుందట. ఎంతమంది పిల్లలు గుండె చిక్కబట్టుకుని దాన్ని తొక్కారో అనుకుంటూ గీకాను. ఒక్కొక్కటీ ఊడదీసి, థిన్నర్‌తో తుడిచి, వాటర్ పేపర్ పెట్టి రుద్ది, ప్రైమర్ మీద పలచగా రెండు పూతలు వేశాను. మెరిసే రంగు వేయలేదు. మెరిస్తే చేయి జారుతుంది.

మా దిక్కు దసరా అంటే పనిముట్ల పండగ. గొడ్డలి, నాగలి, ఉన్ని కత్తెర, ఆటో, ట్రాక్టర్, ఏదైనా సరే కడిగి, వీలైతే రంగు కొట్టి, బొట్టుపెట్టి మొక్కుతాం. ఆ హుషారులో చేయి ఆగదు. మా చిన్నాయన ఒకసారి ట్రాక్టర్‌కు రంగు కొడుతూ కొడుతూ ముందు లైట్ల అద్దాలకు కూడా కొట్టేశాడు. ఇల్లంతా పడీపడీ నవ్వాం. నవ్వాను గానీ, నేనూ ఆ ఇంటి పిల్లనే.

డాష్‌బోర్డు కింద జానెడు ఎడంలో రెండు నాబ్‌లుంటాయి. నల్లది లాగితే ఇంజిన్‌కు వేడిగాలి అందుతుంది, కిందికి దిగే ముందు దాన్ని లాగాలి. ఎర్రది లాగితే పెట్రోలు ఆగిపోతుంది. అది నేల మీదికి వచ్చాక, ఇంజిన్ ఆపడానికి. ఎర్రదాని మీద ఎరుపు గోరంత మిగిలింది. "అన్నీ నల్లగా కొట్టెయ్యమ్మా, పండగ ఫొటోలో కొత్తగా కనపడాలి," అన్నాడు ఇంజినీర్ సారు. నేను ఒక్క మాట అడగలేదు. రెండిటినీ ఒకే తీగకు వేలాడదీసి ఒకే నలుపు కొట్టాను. చాలా బాగా కొట్టాను కూడా.

పండగ ముందు రోజు అన్నీ బిగించేశాం. మధ్యాహ్నం కొల్లాపూర్ దిక్కు నుంచి వచ్చి ఎగరడం నేర్చుకుంటున్న అమ్మాయి వచ్చింది. వ్యవసాయం చేసుకునేవాళ్ల బిడ్డ, నన్ను నోరారా అక్కా అని పిలిచేది. దసరా దాటిన నాలుగో రోజున మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. అందుకని రోజూ ఇంజిన్ ఆపివున్న మిషన్‌లో కూర్చుని, చూపు ముందుకే పెట్టి, ఏ మీటకు ఎటు పోవాలో చేతికి నేర్పుకునేది. నేను పక్కన నిలబడి గుడ్డతో అద్దం తుడుస్తున్నాను.

"దిగుతున్న అక్కా. వేడి గుంజుతున్న," అంటూ చేయి చాచి లాగింది.

లాగాక కిందికి చూసింది. ముఖం పాలిపోయింది. "అక్కా, గిది పెట్రోలుది గదా!"

ఇంతకాలం కంటి కొసకు తగిలిన ఆ గోరంత ఎరుపే ఆమె చేతిని ఆపుతూ వచ్చింది. దాన్ని నేనే గీకి పారేశాను.

అక్కణ్నుంచి నేరుగా ఇంజినీర్ సారు దగ్గరికి పోయాను. మిషన్‌కు వేయదగ్గ ఎరుపు స్టోరులో లేదు, హైదరాబాద్ నుంచి రావాలి, పండగైపోయాక చూద్దామన్నాడు. రేపు పూజ కాగానే యజమాని పిలిచిన అతిథిని ఎక్కించి ఒక చుట్టు తిప్పాలట.

"పైలట్లు రంగు చూసి లాగరమ్మా, అలవాటుతో లాగుతారు."

"అలవాటుతోనే గుంజింది సార్. ఇప్పుడే, నా కండ్ల ముంగట."

"నీ పని రంగు వేయడం."

"ఏసిన సార్. తప్పేసిన. గందుకే చెప్తున్న."

ఆయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఆ షెడ్డులో ఒక రిజిస్టర్ ఉంటుంది. మిషన్‌లో లోపం కనబడితే ఎవరైనా అందులో రాయొచ్చు. రాస్తే, సరిచేశామని ఇంజినీర్ సంతకం పెట్టేదాకా అది నేల వదలకూడదు. పేజీలకు అంకెలుంటాయి కాబట్టి చింపడానికి లేదు. అందరూ ఇంగ్లీషులో రాస్తారు. నాకొచ్చిన ఇంగ్లీషు ఆ పనికి చాలదు. తెలుగులోనే, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: "ఎర్ర నాబ్‌కు నల్లరంగు వేసినాను. తప్పు నాది. ఎరుపు వేసేదాకా ఎగరేయవద్దు." కింద నా పేరు పెట్టాను.

తెల్లారి పూజ ఘనంగా జరిగింది. బంతిపూల దండలు, గుమ్మడికాయ, ముక్కుకు పసుపు కుంకుమలు, హెలికాప్టర్ పెళ్లికూతురిలా ఉంది. అంతా అయ్యాక ఇంజినీర్ సారు రిజిస్టర్ తెచ్చి యజమాని చేతిలో పెట్టాడు. ఆయన చదివి నన్ను పిలిచాడు. మనిషి అరవలేదు, అదే ఇంకా భయం.

అతిథి మా జిల్లా పెద్దమనిషి. సంగతి ఏదో తేడాగా ఉందని కనిపెట్టాడు. "పూజకు పెట్టిన పనిముట్టు ఆ దినం ఎత్తద్దు గదా? మా ఇంట్ల కత్తిపీట గూడ ముట్టనియ్యరు. ఫొటో దిగుదాం, చాలు," అన్నాడు. గాల్లోకి లేవనక్కర్లేదని తెలిసి ఆయనకే ప్రాణం లేచొచ్చినట్టుంది.

యజమానికి దారి దొరికింది. నన్ను పక్కకు తీసుకెళ్లి మెల్లగా చెప్పాడు: "విన్నావుగా. నువ్వు రాసింది పొరపాటని కింద ఒక్క వాక్యం రాయి. పండగ ఆచారం కాబట్టి ఎగరలేదు, అంతే."

"రాయ సార్."

"ఉద్యోగం పోతుంది."

"పోనీయున్రి సార్. ఎరుపు ఏసినంక పోత."

ఆచారం పేరు చెప్పి ఆ రోజు గడిపేయొచ్చు. నాలుగో రోజున ఆ పిల్ల ఒక్కతే ఎక్కుతుంది, అప్పుడు ఏ ఆచారం అడ్డమొస్తుంది? నా తప్పును తప్పని రాసుకునే హక్కు నాకుంది. దాన్ని కొట్టేయమనడానికి వీళ్లెవరు?

రంగు పండగ దాటిన రెండో రోజు వచ్చింది. నాబ్ ఊడదీసి, నేను వేసిన నలుపు మొత్తం గీకి, ఎరుపు రెండు పూతలు వేసి, దుమ్ము పడకుండా అట్టపెట్టెలో వేలాడదీశాను. ఇంజినీర్ సారు గంటకోసారి వచ్చి "ఆరిపోయిందిగా, బిగించెయ్" అనేవాడు. "ఆరలే సార్" అనేదాన్ని. పచ్చి రంగు మీద వేలు పడితే మళ్లీ ఊడుతుంది. మర్నాడు పొద్దుటిదాకా ఆగి, గోరుతో గీసి చూసి, అప్పుడు బిగించాను. ఆయన రిజిస్టర్‌లో నా తెలుగు కింద ఇంగ్లీషులో సరిచేశామని రాసి సంతకం పెట్టాడు. నా వైపు చూడలేదు. రేపట్నుంచి రావద్దని ఆఫీసులో చెప్పారు. నా బ్రష్షులు కడుక్కుని, గుడ్డలో చుట్టుకుని వచ్చేశాను.

అయినా నాలుగో రోజు పోయాను. గేటు లోపలికి రానివ్వరు కాబట్టి ఫెన్సింగ్ బయట రోడ్డు పక్కన నిలబడ్డాను. అక్కడ ఒక ముసలవ్వ మేకలు కాస్తోంది. మిషన్ లేచింది, రెండు చుట్లు తిరిగింది, మూడో చుట్టులో కిందికి వంగింది. వేడి లాగాల్సింది అక్కడే. ఇంజిన్ చప్పుడు కొంచెం మందమైంది. పిల్ల నల్లదే లాగింది. ఆ చప్పుడు ఆగకుండా, తెగకుండా, హెలికాప్టర్ ఎర్రదుమ్ము లేపుకుంటూ నేల మీద కూర్చుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఫెన్సింగ్ తీగ పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

అవ్వ దగ్గరికొచ్చి నా ముఖంలోకి చూసింది. "మంచిగనే దిగె గదా బిడ్డా. ఎందుకేడుస్తున్నవ్?"

"నౌకరి పోయింది అవ్వా," అన్నాను. అంటుంటే నవ్వు ఆగలేదు.