సున్నా వచ్చిన అనసూయమ్మ వెంట అశోక్ నగర్ దాకా

పెద్దవాళ్ళకు ఏయే పనులు సంతోషమిస్తాయో కనుక్కునే ప్రశ్నపత్రం ఒకటి ఎక్కడో విదేశంలో తయారైంది. దాన్ని నేను తెలుగు చేశాను. గోల్ఫ్ ఆడటం, కారేసుకుని ఊరికే తిరిగి రావడం, పెరట్లో మాంసం కాల్చుకుని విందు చేసుకోవడం... ఇవి మనవాళ్ళకు నప్పవు, మార్చాలి అన్నాను. "మీ పని అనువాదం, మార్పులు కాదు" అన్నారు పని అప్పగించినవాళ్ళు. చిర్రెత్తుకొచ్చింది. సరే, ముందు ఒకరిని అడిగి చూద్దామని బయలుదేరాను.

పన్నెండున్నరకు విద్యానగర్‌లో బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన నా ఒళ్ళోని కాగితం చదివి, "గోల్ఫ్ ఏంది సార్? మా గల్లీల ఆటో మలపనీకె జాగ లేదు" అన్నాడు. నారాయణగూడలో దిగి, భోజనం కానిచ్చి, నడుచుకుంటూ చిక్కడపల్లి చేరేసరికి రెండున్నర.

అనసూయమ్మగారికి డెబ్బై మూడేళ్ళు. తెలిసినవాళ్ళ ద్వారా ముందే కబురు పెట్టాను. కోడలు సునీత చాయ్ ఇచ్చి పక్కనే కూర్చుంది. ఇరవై ఆరు ప్రశ్నలూ అడిగాను. "ఈ వయసుల నాకు సరదాలేంది సార్?" అన్నదొక్కటే అన్నిటికీ జవాబు. "మీ కోసమే మీరు చేసుకునే పని ఏదైనా?" అంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని కోడలి వైపు చూశారు. వచ్చిన మార్కులు మొత్తం సున్నా. పదిలోపు వస్తే మనసులో దిగులుందని ఇంట్లోవాళ్ళను హెచ్చరించాలని కాగితం అడుగున ఉంది. బుద్ధి లేక అదీ చదివి వినిపించాను.

సునీత మొహం పాలిపోయింది. "ఇంత రంది పెట్టుకున్నరా అత్తమ్మా! రోజూ నాలుగింటికి అశోక్ నగర్ దాక నడిచి అలిసొస్తరు. ఇగ బయటికి పోవద్దు. డాక్టర్‌కు చూపిద్దాం."

అనసూయమ్మగారు గోడ గడియారం చూశారు. నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

"సార్‌కు తొవ్వ తెల్వదు, జర బస్టాపు చూపిచ్చొస్త" అని చెప్పులేసుకున్నారు.

బస్టాపు దాటిపోయాం. నాలుగుంబావుకు అశోక్ నగర్ హాస్టళ్ళ సందులో ఒక చాయ్ బండి ముందు ఆగాం. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతున్న అమ్మాయిలు నలుగురు బల్ల మీద జాగా చేసి, ఆమె చేతిలో గైడు పెట్టారు. ఆమె అడుగుతుంటే వాళ్ళు చెప్పాలి. ఒకమ్మాయి నదుల ప్రశ్న దగ్గర తడబడింది.

"నిన్న గూడ గిదే తప్పు! పరీక్షల గిట్లనే రాస్తవా?" అని అనసూయమ్మగారు బల్ల గుద్ది పకపకా నవ్వారు.

"అమ్మమ్మ ఒక్కరోజు రాకుంటే మాకు చదువెక్కదు సార్" అంది ఆ అమ్మాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరు గడుల్లో ఈ బల్లకు ఒక్క గడి లేదు. కోడలి ఎదుట కూర్చుని "నాకిది సరదా" అని ఏ అత్తగారు చెబుతుంది? కాగితం రాసినవాళ్ళకు తెలియదు సరే, ఈ ఊళ్ళోనే ఉంటూ అరవై దాటిన నాకేమైంది?

ఐదున్నరకు ఆమెతోపాటు చిక్కడపల్లి వెనక్కి వెళ్ళి, చూసిందంతా సునీతకు చెప్పి, ఆమె ముందే కాగితాన్ని అడ్డంగా కొట్టేశాను. "అడిగిన తీరే తప్పమ్మా. తప్పు నాది. ఆవిడను ఆపకండి."

"నిజంగ అక్కడికి పోవుడు మీకిష్టమా అత్తమ్మా?"

"నాకేం సరదానా? ఆ పిల్లలు పరేషాన్ అయితరని పోతున్న."

సునీత నా వైపు చూసి నవ్వింది. "పోండ్రి. గొడుగు మాత్రం మర్సిపోకుండ్రి."

ఆరున్నర బస్సులో నిలబడే ఇంటికొచ్చాను. పని అప్పగించినవాళ్ళకు ఆ కొట్టేసిన కాగితాన్నే పంపుతాను, ఏమనుకుంటే అనుకోనీ. ఈ పని మీద వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట. పెద్దవాళ్ళ సంతోషాన్ని ఇంట్లో కూర్చోబెట్టి అడగకండి. నాలుగుకు పది నిమిషాలుందనగా గడియారం వైపు ఎవరు చూస్తారో చూసి, వాళ్ళ వెనకే నడవండి.