పై గదికి రెండు అనుమతులు

ఆ రోజుల్లో నాకు ధైర్యం చాలానే ఉండేది; కాకపోతే అది పట్టపగలు, పక్కన నలుగురు ఉన్నప్పుడు మాత్రమే పనిచేసేది. అప్పుడు డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నాను. అరకు దగ్గర కొండవాలులో మాది సర్కారు కట్టించిన ఒంటిగది స్లాబు ఇల్లు. అన్నయ్యకు పెళ్ళి కుదిరింది. వదిన వస్తే నాకు పడుకునే చోటుండదు కాబట్టి పెదబయలులో అత్త ఇంటికి పంపేస్తామన్నారు (ఆ అత్త గురించి ఒక్కటే చెబుతాను: ఆవిడ ఇంట్లో కోళ్ళు కూడా గట్టిగా కూసేవి కావు). అక్కడికి వెళితే ఇక కాలేజీ లేనట్టే. నేను అన్నం మానేసి కూర్చుంటే నాన్న కరిగి, స్లాబు మీద నాకో రేకుల గది మొదలుపెట్టాడు.

గోడలు నడుము ఎత్తు లేచేసరికి పంచాయతీ సెక్రటరీ గారు బండి ఆపారు. మైదానం నుంచి కొత్తగా వచ్చిన మనిషి. "పైన గది వేస్తే అనుమతి తీసుకోవాలండీ, రేకులైనా సరే. ముందు కొలతలు చూడాలి. లేకపోతే పని ఆపించాల్సి వస్తుంది" అన్నారు. "గొడుగేసుకోడానికి పర్మిషనేటి బాబూ" అని నాన్న నవ్వేసి, ఆ రోజు నుంచి ఆ బండి చప్పుడు వినబడితే చాలు, కాఫీ తోటలోకి జారుకునేవాడు. నాన్నను కన్న మా అవ్వ బెంగ వేరు. పొయ్యి పక్క మూలలో మా ఇంటి పెద్దలు, అంటే పోయినవాళ్ళు, ఉంటారు. ఏ పని తలపెట్టినా అక్కడ సామ అన్నం పెట్టి అడగాలి. నాన్న అడగలేదు. "ఆళ్ళ నెత్తి మీద గుంట కాళ్ళు సాపుకు పడుకుంటాదేట్రా? అడిగినావా?" అంది అవ్వ. గుంటంటే ఆడపిల్ల, అంటే నేనే. "బతికున్నోళ్ళనే అడగలేదు నాన్న. పోయినోళ్ళనేటడుగుతాడే" అన్నాను నేను, చదువుకున్నదాన్ని కదా.

శీతాకాలం, ఒకరోజు ఉదయం. పొగమంచు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఎదురుగా ఉన్న చెట్లు కూడా కనబడటం లేదు. అమ్మ, అన్నయ్య సంతకు వెళ్ళారు. మిగిలిన ముగ్గురం తలుపు వేసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాం. పైన అడుగుల చప్పుడు. నెమ్మదిగా, ఆగి ఆగి. తర్వాత ఇనుమును రాతి మీద ఈడ్చినట్టు సన్నని శబ్దం. కాసేపటికి ఇంకో జత అడుగులు. ఇవి చెప్పుల్లేని కాళ్ళు. అవి నేరుగా వచ్చి, పెద్దల మూలకు సరిగ్గా పైన ఆగిపోయాయి. పొయ్యిలో మంట అణిగింది. దయ్యాల్లేవని సంతలో అందరితో వాదించే నాన్న దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. నా చదువు ఎటు పోయిందో తెలియదు. అవ్వ కొంగు మాత్రం నా పళ్ళ మధ్య ఉంది. అవ్వ గబగబా మూలలో అన్నం పెట్టి, "తప్పయిపోనాది. ఈడికి బుద్ధి నేదు. గుంట సదువుకుంటాదట, కాసింత సోటియ్యండి" అని గొణిగింది. పైన అడుగులు కదిలాయి. మా వెదురు నిచ్చెన కిర్రుమంది.

దిగింది సెక్రటరీ గారు. చేతిలో టేపు. "తలుపు వేసి ఉంటే ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను. బండి చూస్తే మీరు దొరకరని కింద రోడ్డు మీదే వదిలేసి వచ్చి, నేనే ఎక్కి కొలుచుకున్నాను. వెనక గోడ కొంచెం లోపలికి జరిపి దరఖాస్తు పెట్టండి, అనుమతి వచ్చేస్తుంది" అన్నారు. నాన్న దుప్పటి మడతపెడుతూ దగ్గాడు. "పెద్దాయన ఉండబట్టి పని తొందరగా అయింది. టేపు అవతలి కొస ఆయనే పట్టుకున్నారు. మాట మాత్రం ఒక్కటీ లేదు" అన్నారాయన.

"ఏ పెద్దాయన?" అన్నాడు నాన్న.

"పైన ఉన్నారుగా, గొంగళి కప్పుకుని."

నిచ్చెన ఒక్కటే. నాన్న ఎక్కి చూసొచ్చాడు. మంచు తప్ప ఏమీ లేదు. అవ్వ ముందుకొచ్చి, "ఎడం సేత్తో పట్టినాడా బాబూ?" అని అడిగింది. సెక్రటరీ గారు గుర్తు తెచ్చుకుని మెల్లగా తల ఊపారు. మా తాతది ఎడమచేతి వాటం. నేను పుట్టకముందే పోయాడు. "బతికున్నన్నాళ్ళూ ఇంటి పనికి సెయ్యెయ్యనేదు, సచ్చినాక టేపు పట్టినాడు సూడు" అని అవ్వ మూతి తిప్పింది, కళ్ళు తుడుచుకుంటూనే. "ఇంకేటి సూత్తన్నావురా? ఒప్పుకున్నాడు. బేగి కట్టు." సెక్రటరీ గారు టేపును చేతికి తగలకుండా రుమాలులో చుట్టుకుని వెళ్ళారు.

అనుమతి వచ్చింది. గది పూర్తయింది. నేను పెదబయలు వెళ్ళలేదు. పగలంతా పైన చదువుకునేదాన్ని. పొద్దు వాలితే చాప చుట్టుకుని దిగి, అవ్వ పక్కన దూరేదాన్ని. చివరికి ఆ గదిలో కాపురం పెట్టింది అన్నయ్యా వదినా.

ఇప్పుడు అవ్వ కూడా ఆ మూలకే చేరింది. నాకు పాప పుట్టింది, పిరికితనం రెట్టింపైంది. అది దగ్గితే లేస్తాను. దగ్గకపోతే, ఊపిరి ఉందా అని లేస్తాను. ఇదిగో, అలా లేచే ఇది రాస్తున్నాను. పుట్టింటికి వెళ్ళినప్పుడు మాత్రం దాన్ని ఆ పై గదిలో ఒక్కదాన్నే పడుకోబెట్టి, నిశ్చింతగా కిందికి వచ్చి కూర్చుంటాను. చాప చుట్టుకుని నిచ్చెన దిగిన ఆ గుంటకి ఈ మాట చెబితే నమ్మదు.